తీగ చివర ఊపిరి

వెంటిలేటర్ ఉన్న ఇంట్లో నిశ్శబ్దం అంటే భయం. గాలిని లోపలికి నెట్టేటప్పుడు ఒక బుస, బయటికి వదిలేటప్పుడు ఇంకో బుస, గొట్టం ఊడితే చెవులు చిల్లులు పడే అలారం. పగలూ రాత్రీ ఇదే. కొన్నాళ్లకు ఇంట్లోవాళ్లకు ఆ చప్పుడు రైలు ప్రయాణంలా అలవాటైపోతుంది. రైలు కదులుతున్నంతసేపూ నిద్రపోతాం, ఆగితే ఉలిక్కిపడి లేస్తాం. వాళ్లూ అంతే.

అలాంటి ఇంట్లో ఒకరోజు ఆ చప్పుడును కావాలనే ఆపేస్తారు. మంచం మీద మనిషి పొట్ట మెల్లగా లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ వినిపించదు. మనిషి ఛాతీ మీద చర్మానికి టేపుతో అంటించిన రెండు చిన్న రింగులు, వాటి నుంచి పక్కనున్న చిన్న పెట్టెకు రెండు తీగలు. అంతే. ఆ పెట్టె పంపే రేడియో తరంగాలను చర్మం కింద పెట్టిన రిసీవర్ అందుకుంటుంది. దాన్ని చిన్న కరెంటుగా మార్చి ఒక నరానికి అందిస్తుంది. ఆ నరం కండరాన్ని లాగుతుంది. ఊపిరి లోపలికి వస్తుంది.

గుండెకు పేస్‌మేకర్ వేయించుకున్న తాతయ్య ఇప్పుడు మన వీధికొకరు ఉన్నారు. ఊపిరికీ పేస్‌మేకర్ ఉందంటే మాత్రం చాలామంది ఆశ్చర్యపోతారు. అది వచ్చి అరవై ఏళ్లు కావస్తోంది. దాని మీద ఆధారపడి పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు బతికినవాళ్లున్నారు. బతికారు సరే, ఆ బతుకు ఎలా ఉంది? ఆపరేషన్ థియేటర్ ఫొటోలతో వచ్చే వార్తల్లో దీనికి జవాబు దొరకదు. అది పదేళ్ల తర్వాత, ఇంట్లో, మామూలు మంగళవారం నాడు తెలిసే సంగతి.

మెడలో పుట్టే నరం

మన యోగశాస్త్రం రోజుకు 21,600 శ్వాసలని లెక్క కట్టింది. నిమిషానికి 15 చొప్పున గుణించి చూడండి, సరిగ్గా అంతే వస్తుంది. ఇందులో మనం గమనించి తీసుకునేవి ఎన్ని? ప్రాణాయామం చేసేవాళ్లకు ఓ వంద, మిగతావాళ్లకు దాదాపు సున్నా. ఊపిరి మన ప్రమేయం లేకుండా నడుస్తుంది కాబట్టే మనం ఇంకేదైనా ఆలోచించగలుగుతున్నాం.

ఈ పనిలో పెద్ద భాగం ఉదరవితానానిది. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకున్న కండరం అది, డాక్టర్లు డయాఫ్రమ్ అంటారు. అది కిందికి దిగితే ఊపిరితిత్తులు సాగి గాలిని లాగుకుంటాయి. దాన్ని దించే ఉత్తర్వు మెదడు అడుగుభాగం నుంచి బయలుదేరి, వెన్నుపాము గుండా మెడలోకి వచ్చి, అక్కడ ఫ్రీనిక్ నరం ఎక్కుతుంది. మెడలోని మూడు, నాలుగు, ఐదు వెన్ను నరాల నుంచి పుట్టే ఈ నరం గుండె పక్కనుంచి కిందికి దిగి ఉదరవితానాన్ని చేరుతుంది. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. పొట్ట మీద కండరానికి మెడలో కంట్రోల్ రూము ఎందుకో సృష్టికర్తనే అడగాలి కానీ, ఆ ఏర్పాటు వల్లే మెడ విరిగితే ఊపిరి ప్రమాదంలో పడుతుంది.

2016లో వచ్చిన 'ఊపిరి' సినిమా గుర్తుందిగా. చక్రాల కుర్చీలో నాగార్జున, పక్కన కార్తి. మెడ కింద కదలిక లేని మనిషి బతుకు ఎలా ఉంటుందో తెలుగు ప్రేక్షకుల్లో చాలామంది మొదటిసారి చూసింది అందులోనే. కానీ ఆ సినిమాలో హీరో ఊపిరి మాత్రం అతనిదే. అదే దెబ్బ రెండు పూసలు పైన, పుర్రె కిందే తగిలి ఉంటే కథ వేరు. మెదడు బాగుంటుంది, నరం బాగుంటుంది, కండరమూ బాగుంటుంది. మధ్యలో వైరు తెగింది. ఉత్తర్వు దిగదు.

ఊపిరి పేస్‌మేకర్ పనిచేసేది సరిగ్గా ఇక్కడే. తెగిన వైరును అది అతికించదు. తెగిన చోటుకు కింద, బతికి ఉన్న నరాన్ని బయటినుంచి తట్టి లేపుతుంది. కాబట్టి నరం బతికి ఉండటం తప్పనిసరి. గాయం మూడు, నాలుగు, ఐదు దగ్గరే తగిలి నరానికి మూలమైన కణాలు చచ్చిపోతే, తట్టినా లేచేవాడు ఉండడు. అందుకే ఆపరేషన్‌కు ముందు మెడ దగ్గర నరానికి కరెంటు ఇచ్చి ఉదరవితానం కదులుతోందా లేదా అని ఎక్స్‌రే తెర మీద చూస్తారు. ఆ తెర మీద కదలిక కనిపించకపోతే ఆశ అక్కడితో ఆగిపోతుంది. ఆ గదిలో నిలబడ్డ కుటుంబాలకు ఆ నిమిషం చాలా పొడుగ్గా ఉంటుంది.

గ్లెన్ చేతిలో రేడియో

నరానికి కరెంటు ఇస్తే ఊపిరి వస్తుందన్న ఊహ కొత్తది కాదు. 1783లోనే జర్మన్ వైద్యుడు హూఫెలాండ్ ఊపిరాడక పడిపోయినవాళ్లకు ఇది చేసి చూడాలన్నాడు. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో డూషెన్ నరాల మీద కరెంటు ప్రయోగాలు చేశాడు. 1948లో హార్వర్డ్‌లో స్టాన్లీ సార్నాఫ్ బృందం ఫ్రీనిక్ నరాన్ని తట్టి మనిషికి ఊపిరి నడిపించవచ్చని చూపించింది. అప్పట్లో అమెరికా పోలియోతో వణికిపోతోంది.

ఆ పోలియోయే కథను వేరే దారి పట్టించింది. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడింది. ఇనుప డబ్బాల్లాంటి పాత శ్వాసయంత్రాలు చాలలేదు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు రోగుల గొంతుకు రంధ్రం పెట్టించి, గొట్టం వేసి, రబ్బరు సంచీతో గాలి నొక్కించాడు. నొక్కింది వైద్య విద్యార్థులు, వంతులవారీగా, వారాల తరబడి. ఆధునిక ఐసీయూ అక్కడే పుట్టిందంటారు. అప్పటినుంచి వైద్యం గాలిని లోపలికి నెట్టడం మీదే నడిచింది. వెంటిలేటర్లన్నీ చేసేది ఆ పనే. మన శరీరం చేసేది దానికి సరిగ్గా వ్యతిరేకం, అది గాలిని లాగుకుంటుంది. నెట్టిన గాలికీ లాగుకున్న గాలికీ తేడా ఏమిటో రోగులకు బాగా తెలుసు.

లాగుకునే పద్ధతిని మళ్లీ తెచ్చినవాడు యేల్ విశ్వవిద్యాలయం సర్జన్ విలియం గ్లెన్. ఈ పేరు మన దగ్గర కొన్ని కుటుంబాలకు బాగా పరిచయం. పుట్టుకతో గుండె లోపమున్న పిల్లలకు చేసే 'గ్లెన్ ఆపరేషన్' ఆయనదే, 1958 నాటిది. ఆ మరుసటి ఏడే, చర్మం గుండా వైరు లాగకుండా రేడియో తరంగాలతో గుండెను నడిపించవచ్చని ఆయన బృందం చూపింది. గుండె నుంచి ఊపిరికి మళ్లడానికి ఎంతో కాలం పట్టలేదు. నిద్రలో ఊపిరి మందగించే జబ్బున్న ఒక రోగికి 1960ల చివర్లో, మెడ విరిగి కాళ్లూ చేతులూ పడిపోయిన ఒకరికి 1972 నాటికి, ఈ రేడియో ఊపిరి నడిచింది.

మొదట్లో తప్పులూ జరిగాయి. కరెంటును వడివడిగా ఇచ్చి కండరాన్ని అలసగొట్టారు. ఒకవైపు నరాన్నే నడిపారు. కండరం చతికిలపడింది. నెమ్మదిగా, తక్కువ వేగంతో, రెండు వైపులా నడిపితే రోజంతా అలసట లేకుండా పనిచేస్తుందని తేల్చడానికి గ్లెన్‌కు ఇంకో పదేళ్లు పట్టింది. 1980ల మొదట్లో అమర్చిన 12 మంది రోగుల మీద ఆయన బృందంలోని వాళ్లు 2002లో ఒక నివేదిక ప్రచురించారు. అందులో సగం మంది రోజంతా ఆ యంత్రం మీదే బతుకుతూ సగటున దాదాపు 15 ఏళ్లు గడిపారు. వాళ్ల రక్తంలో ఆక్సిజన్ మామూలుగానే ఉంది. ఆపేసినవాళ్లలో కొందరు ఎందుకు ఆపేశారంటే యంత్రం పాడై కాదు. డబ్బు చాలక, చూసుకునే మనిషి లేక, ఇతర జబ్బులు మీద పడి. ఆ ఒక్క వాక్యం మీద నా చూపు ఎక్కువసేపు ఆగింది.

ఎనిమిదేళ్ల తర్వాత కాఫీ వాసన

సూపర్‌మ్యాన్‌గా ప్రపంచానికి తెలిసిన నటుడు క్రిస్టఫర్ రీవ్ 1995 మే 27న వర్జీనియాలో గుర్రం మీంచి పడ్డాడు. మెడలో అన్నిటికంటే పైనున్న రెండు పూసలు దెబ్బతిన్నాయి. ఆ రోజు నుంచి వెంటిలేటర్. 2003 ఫిబ్రవరిలో క్లీవ్‌లాండ్‌లో రేమండ్ ఆండర్స్ బృందం ఆయనకు కొత్త పద్ధతిలో పేసర్ అమర్చింది. ఛాతీ తెరవకుండా, పొట్టలో చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి, ఉదరవితానంలోనే నరం చేరే చోట సన్నటి ఎలక్ట్రోడ్లు గుచ్చారు. తీగలు చర్మం బయటికొచ్చి ఒక పెట్టెకు కలుస్తాయి. న్యూరెక్స్ పేరుతో ఇప్పుడు వాడే పద్ధతి ఇదే. రీవ్ దానికి తొలి కొద్దిమంది రోగుల్లో ఒకడు.

ఆయన గొంతులో గొట్టం ఉన్నంతకాలం గాలి మెడ దగ్గరే లోపలికి పోయేది, ముక్కు దాకా వచ్చేదే కాదు. ముక్కు దాకా గాలి రాకపోతే వాసన లేదు. వాసన లేకపోతే రుచి సగం పోయినట్టే, జలుబు చేసినప్పుడు మనకందరికీ తెలిసిందే. పేసర్ పెట్టి గొంతు గొట్టానికి మూత వేశాక గాలి ముక్కులోంచి నడిచింది. దాదాపు ఎనిమిదేళ్ల తర్వాత ఆయనకు కాఫీ వాసన, నారింజ వాసన తెలిశాయి.

వైద్య పరిశోధకులు జీవన నాణ్యతను కొలవడానికి ప్రశ్నావళులు తయారుచేశారు. నొప్పి ఎంత, నిద్ర ఎంత, నిరాశ ఎంత అని మార్కులు. కాఫీ వాసనకు అందులో గడి లేదు. తెల్లవారి ఫిల్టర్‌లోంచి దిగుతున్న డికాషన్ వాసన పక్కగదిలో మంచం మీద ఉన్నవాడికి అందడం ఎన్ని మార్కులో మన ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు.

మాట కూడా అంతే. వెంటిలేటర్ మీద మనిషి యంత్రం గాలి ఇచ్చిన లయకే మాట్లాడాలి. వాక్యం మధ్యలో ఆగి తర్వాతి బుస కోసం చూడాలి. జోకు చెప్పాలంటే ఎంత కష్టమో ఊహించండి, జోకంతా చివరి మాట ఎప్పుడు పడుతుందన్న దానిలోనే ఉంటుంది. పేసర్ కూడా తన లయలోనే నడుస్తుంది, పెద్దవాళ్లకు నిమిషానికి పది పన్నెండు సార్లు. కానీ గాలి స్వరపేటిక గుండా పోతుంది కాబట్టి గొంతు గొంతులా వినిపిస్తుంది.

రీవ్ ఎక్కువకాలం బతకలేదు. ఒత్తిడి పుండు నుంచి వచ్చిన ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స పొందుతూ 2004 అక్టోబర్ 10న 52వ ఏట పోయాడు. ఊపిరి ఆగి కాదు. కదలని శరీరానికి ఊపిరొక్కటే శత్రువు కాదని గుర్తుచేసే మరణం అది. ఆయన పోయిన నాలుగేళ్లకు, 2008లో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ యంత్రాన్ని వెన్నుపాము గాయాలకు అనుమతించింది.

హాంబర్గ్ లెక్క, మన లెక్క

ఈ విషయంలో మంచి లెక్క ఒకటి జర్మనీలోని హాంబర్గ్ నుంచి వచ్చింది. అక్కడి వెన్నుపాము గాయాల కేంద్రం ఇరవై ఏళ్లపాటు చూసిన 64 మంది రోగుల వివరాలను 2008లో ప్రచురించింది. నరం బతికున్న 32 మందికి పేసర్ పెట్టారు. నరం చచ్చిపోయిన 32 మంది వెంటిలేటర్ మీదే ఉన్నారు. చీటీలు తీసి పంచిన గుంపులు కావు కాబట్టి ఈ పోలికను కొంచెం జాగ్రత్తగా చదవాలి. అయినా చెప్పుకోవలసిన సంగతులున్నాయి. పేసర్ వాళ్లకు ఛాతీ ఇన్‌ఫెక్షన్లు బాగా తగ్గాయి. మాట మెరుగుపడింది. పునరావాసం తర్వాత పేసర్ గుంపులో తొమ్మిది మంది ఉద్యోగంలోనో చదువులోనో చేరారు. వెంటిలేటర్ గుంపులో ఇద్దరే.

డబ్బు లెక్క కూడా వేశారు. పేసర్ ఖరీదు ఎక్కువే. కానీ ఒకసారి వాడి పారేసే గొట్టాలూ ఫిల్టర్లూ తగ్గడం, నర్సింగ్ పని తేలికవడం, ఇన్‌ఫెక్షన్లు తగ్గడం వల్ల ఏడాదిలో ఆ డబ్బు తిరిగొస్తుందని తేలింది.

ఈ లెక్కను హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చి పరిస్తే గడులు కలవవు. జర్మనీలో నర్సింగ్ గంటకు ధర ఉంది, బీమా కట్టేది ఆ ధరే. మన దగ్గర ఆ గంటలు అమ్మవి, భార్యవి, ఉద్యోగం మానేసిన చెల్లెలివి. అవి ఏ బిల్లులోనూ ఉండవు కాబట్టి, అవి మిగిలినా లాభంగా ఎవరూ రాయరు. పేసర్ వల్ల వెంటిలేటర్ గొట్టాలు కడిగే పని తప్పుతుంది, గంటగంటకూ కఫం లాగే పని తగ్గుతుంది. దానికి మన పద్దుల పుస్తకంలో విలువ సున్నా.

కరెంటు సంగతి కూడా ఒకటుంది. ఇంట్లో వెంటిలేటర్ నడపాలంటే ఇన్వర్టర్ కావాలి, దానికి ఇంకో బ్యాటరీ అండ కావాలి, ఆ పైన ఆకాశంలో ఉరుము వినపడితే గుండె దడ. రేడియో పద్ధతి పేసర్లలో ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న ఒక రకం నడిచేది మైకుల్లో వేసే 9 వోల్టుల చదరపు బ్యాటరీతో. చర్మం కిందున్న భాగంలో బ్యాటరీయే లేదు, అంచేత దాన్ని మార్చడానికి మళ్లీ కోయనక్కర్లేదు. కిరాణా కొట్టులో దొరికే బ్యాటరీ మీద మనిషి ఊపిరి! వినడానికి భయంగా ఉంటుంది. గోడకున్న ప్లగ్గుకు కట్టేసిన బతుకుతో పోల్చి చూసినవాళ్లు మాత్రం అందులో స్వేచ్ఛను చూస్తారు. కుర్చీలో కూర్చుని గుడి దాకా, పెళ్లి దాకా, సముద్రం దాకా వెళ్లొచ్చు.

యంత్రం ఇవ్వనివి

ఆపరేషన్ అయిన రోజే వెంటిలేటర్ తీసేస్తారనుకుంటే పొరపాటు. నెలల తరబడి కదలని ఉదరవితానం చిక్కి పలచబడి ఉంటుంది. మంచం పట్టి లేచినవాడిని మొదటి రోజే పరిగెత్తమంటే ఏమవుతుందో అదే అవుతుంది. గంటకు కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి, వారాల మీద, కొందరికి నెలల మీద, మెల్లగా పెంచుతారు. తొందరగా అలిసే కండరం పోగులు నిలకడగా పనిచేసే పోగులుగా మారేదాకా ఓపిక పట్టాలి. ఈ దశలోనే కొందరు నీరసపడి వదిలేస్తారు.

అది నడిచాక కూడా అది ఇచ్చేది లోపలికి వచ్చే ఊపిరిని మాత్రమే. దగ్గును ఇవ్వదు. దగ్గాలంటే పొట్ట కండరాలు గట్టిగా బిగుసుకోవాలి, అవి పడిపోయే ఉన్నాయి. కాబట్టి కఫం ఎవరో ఒకరు తీయాలి, పొట్ట మీద నొక్కి దగ్గించాలి, లేదా దగ్గు యంత్రం పెట్టాలి. జలుబు చేసిన వారం మళ్లీ వెంటిలేటర్ దగ్గరికే వెళ్లాల్సి రావచ్చు. అందుకే పాత యంత్రాన్ని ఎవరూ అమ్మేయరు, మంచం కింద సిద్ధంగా ఉంటుంది.

ఇంకో చిక్కు సూక్ష్మమైనది. మనం ఊపిరి పీల్చే ముందు మెదడు గొంతు కండరాలకూ ఒక సంకేతం ఇస్తుంది, దారి తెరవండి అని. ఆ తర్వాతే ఉదరవితానం లాగుతుంది. పేసర్‌కు ఈ మర్యాద తెలియదు. చెప్పకుండా లాగేస్తుంది. మెలకువలో ఫర్వాలేదు. నిద్రలో గొంతు వదులైనప్పుడు ఆ లాగుడుకు దారి మూసుకుపోతుంది, తాగుతున్న స్ట్రా నలిగి అతుక్కుపోయినట్టు. అందుకే చాలామంది గొంతు రంధ్రాన్ని పూర్తిగా మూయించుకోరు, రాత్రి తెరుస్తారు. ఆ రంధ్రాన్ని మూయించుకోవాలా వద్దా అన్నది అద్దంలో చూసుకునే మొహానికీ రాత్రి భద్రతకూ మధ్య జరిగే తగువు. ఏళ్ల తరబడి సాగుతుంది.

నిద్రలో నాలుక వెనక్కి జారి గొంతు మూసుకుపోయే మామూలు గురక జబ్బుకు నాలుక నరాన్నే తట్టే యంత్రం వచ్చింది. 126 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. ఊపిరి ఆగే సార్లు ఏడాదికి మూడింట రెండు వంతులకు పైగా తగ్గాయి, అదే ఏడు అనుమతీ వచ్చింది. అది వేరే కథ. అక్కడ ఊపిరి మనిషిదే, యంత్రం తలుపు తీస్తుందంతే.

ఇక చిన్న చిన్న బాధలు. టేపు కింద చర్మం మన వేసవిలో ఒరుసుకుపోకుండా ఎలా ఉంటుంది? ఛాతీ మీది రింగుల నుంచి పెట్టెకు వచ్చే యాంటెన్నా తీగ మెలికపడి తెగడం వీటిలో తరచూ వచ్చే లోపం, కాబట్టి ఇంకోటి చేతికందేలా ఉండాలి. ఎంఆర్‌ఐ స్కాన్ రాయాల్సి వస్తే డాక్టరుకు గుర్తుచేయాలి, చాలా రకాల పేసర్లతో అది కుదరదు. జాగ్రత్త పడితే ఇవేవీ ప్రాణాంతకం కావు. రోజూ ఉంటాయి.

నిద్రపోతే ఊపిరి మరిచే పిల్లలు

మెడ విరగకుండానే పేసర్ అవసరమయ్యే పిల్లలున్నారు. పుట్టుకతోనే వీళ్ల మెదడు నిద్రలో ఊపిరిని మరిచిపోతుంది. వైద్య భాషలో పేరు పొడుగు, పొట్టిగా సీసీహెచ్‌ఎస్ అంటారు. 1970లో తొలిసారి వర్ణించారు. 2003లో దీనికి మూలం ఫాక్స్‌2బీ అనే జన్యువులో ఉందని కనుక్కున్నారు. పాతకాలపు పేరు 'ఆన్‌డీన్ శాపం', ఐరోపా కథల్లోని ఒక జలకన్య పేరు మీద. బిడ్డ జబ్బును శాపమని పిలిస్తే ఏ తల్లి ఊరుకుంటుంది? చాలా కుటుంబాలు ఆ పేరును ఒప్పుకోవు.

ఈ పిల్లల్లో విచిత్రం ఏమిటంటే వాళ్లకు ఆయాసం తెలియదు. మనకు ఊపిరి బిగబడితే కాసేపటికే ప్రాణం గింజుకుంటుంది. వాళ్లకు గింజుకోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతున్నా, పెదాలు నీలమవుతున్నా హాయిగా ఆడుకుంటూనే ఉంటారు. చాలామంది మెలకువలో బాగానే ఊపిరి పీలుస్తారు, నిద్రలోనే యంత్రం కావాలి. కొందరికి ఇరవై నాలుగు గంటలూ కావాలి. ఆ రెండో రకం పిల్లలకు పేసర్ ఒక వరం. రాత్రి వెంటిలేటర్, పగలు వీపున స్కూలు బ్యాగు, పక్కన చిన్న పెట్టె. గొట్టం లేకుండా పరిగెత్తొచ్చు.

పరిగెత్తొచ్చు కానీ అతిగా కాదు. పేసర్ లయ స్థిరం. పరుగులో మనకు ఊపిరి దానంతట అదే వేగమవుతుంది, పేసర్‌కు అది తెలియదు. అటు పిల్లాడికి ఆయాసం తెలియదు, ఇటు యంత్రానికి పరుగు తెలియదు. మధ్యలో తెలిసిన మనిషి ఒకరుండాలి, ఆ మనిషి సాధారణంగా అమ్మ. ఈత కూడా ప్రమాదమే. నీళ్ల కింద ఎంతసేపు ఉండొచ్చో చెప్పే గంట వాళ్ల లోపల మోగదు.

పిల్లలుగా పేసర్ పెట్టించుకున్నవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. వాళ్ల ప్రశ్నలు వేరు. హాస్టల్లో రాత్రి ఎవరు చూస్తారు? స్నేహితులతో పార్టీలో మద్యం ముట్టొచ్చా? ఈ జబ్బున్నవాళ్లకు మద్యం ఊపిరిని పూర్తిగా ఆపేయగలదు. పెళ్లి చేసుకుంటే, బిడ్డ పుడితే? ఈ జన్యు లోపం ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశంతో వస్తుంది. పెళ్లిచూపుల్లో కట్నం మాట మొదట వస్తుందా, జన్యువు మాట మొదట వస్తుందా అని ఆలోచించినప్పుడు, పాశ్చాత్య పత్రికల్లోని 'పెద్దల వైద్యానికి మారడం' అన్న శీర్షిక మన దగ్గర ఎంత బరువు మోయాలో అర్థమవుతుంది.

ఇంగ్లండ్ చెప్పిన కఠిన పాఠం

ఇంతవరకూ చదివి, ఊపిరి తగ్గిన ప్రతి ఒక్కరికీ దీన్ని పెట్టిస్తే పోలేదా అనిపించవచ్చు. వైద్యులకూ అనిపించింది. ఏఎల్‌ఎస్ అనే జబ్బులో కదలికను నడిపే నరకణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి, చివరికి ఊపిరి కండరాలు ఆగిపోతాయి. ఉదరవితానాన్ని ముందునుంచే తట్టి వ్యాయామం చేయిస్తే ఎక్కువకాలం నిలుస్తుందన్న ఆలోచన అందరికీ నచ్చింది. 2011లో ఎఫ్‌డీఏ ఆ జబ్బుకూ పరిమితంగా అనుమతి ఇచ్చింది. రోగులు ఆశగా క్యూ కట్టారు.

ఇంగ్లండ్‌లో 74 మంది మీద సరైన పరీక్ష జరిపారు. మాస్కుతో గాలి ఇచ్చే చికిత్స అందరికీ, అందులో సగం మందికి పేసర్ అదనం. 2015లో ఫలితాలు చదివినవాళ్లు నివ్వెరపోయారు. మాస్కు ఒక్కటే వాడినవాళ్లలో సగం మంది 22 నెలలు దాటి బతికారు. పేసర్ కలిపిన గుంపులో అది 11 నెలలే. దాదాపు అదే సమయంలో ఫ్రాన్స్‌లో సాగిన పరీక్షనూ మధ్యలో ఆపేశారు.

ఎందుకిలా? బహుశా చావుకు దగ్గరలో ఉన్న నరాన్ని తట్టి తట్టి ఇంకా అలసగొట్టారు. వైరు మాత్రమే తెగిన చోట పనిచేసే యంత్రాన్ని మోటారే కాలిపోతున్న చోట పెట్టారు. నా మటుకు నాకు ఈ పరీక్ష చాలా ముఖ్యమనిపిస్తుంది. ఈ యంత్రం గురించి చెప్పుకునే కథలన్నీ బాగైనవాళ్ల కథలు. లెక్కపెట్టిన పరీక్ష లేకపోతే, ఏఎల్‌ఎస్ రోగుల్లో కొంతకాలం ఎక్కువ బతికిన ఒకరిద్దరి కథలే పత్రికల్లో వచ్చేవి, నాతో సహా అందరం వాటినే రాసేవాళ్లం. మన దగ్గర ఎవరైనా డాక్టరు ఏఎల్‌ఎస్‌కు పేసర్ మాట ఎత్తితే, ఆ రెండు అంకెలూ ఆయన ముందు పెట్టండి.

రాత్రి రెండింటికి

మళ్లీ ఆ ఇంటికి వద్దాం. చప్పుడు లేదు. మనిషి నిద్రపోయాడు. వేలికి పల్స్ ఆక్సిమీటర్, దాని ఎర్రటి అంకెలు చీకట్లో వెలుగుతుంటాయి, 97, 96, మళ్లీ 97. కోవిడ్ కాలంలో ఆ చిన్న పెట్టె మన ఇళ్లలోకీ వచ్చింది, ఆ అంకెల వైపు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో మనకూ కొంత తెలుసు. పేసర్ ఊపిరి అందుతోందా లేదా అని కనిపెట్టి అరవదు. తనపాటికి తను పంపుతూనే ఉంటుంది. అరిచే పని ఆక్సిమీటర్‌ది, లేచే పని పక్కమంచం మీద పడుకున్నవాళ్లది. వెంటిలేటర్ బుస ఆగితే లేచేందుకు అలవాటుపడిన చెవులు ఇప్పుడు నిశ్శబ్దంలో నిద్రపోవడం కొత్తగా నేర్చుకోవాలి. చాలామందికి మొదటి నెలల్లో నిద్ర పట్టదు.

రెండు వైపులకూ వేర్వేరు బ్యాటరీలున్న రకంలో మార్పిడికి ఒక క్రమం ఉంటుంది. ముందు కుడివైపు పాతది తీసి కొత్తది వేస్తారు. అప్పుడు పొట్టలో ఎడమవైపు మాత్రమే లేస్తుంది, ఒకవైపుకు వాలిన చిన్న ఊపిరి. లైటు వెలిగిందో లేదో చూసుకుని ఎడమవైపుకు మారతారు. నిద్రలో ఉన్న మనిషికి ఏదీ తెలియదు. తీసిన బ్యాటరీలను అల్మారాలో విడిగా ఒక స్టీలు డబ్బాలో వేస్తారు, కొత్తవాటితో కలిసిపోకుండా.